ముప్పై ఏడో ఫారం

పదకొండు వారాల కిందట, ఒక ఆదివారం, కమాన్‌పూర్ వైపు ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో డ్యూటీకి వెళ్లిన సదయ్య ఇంటికి తిరిగి రాలేదు. పని వదిలేసి పారిపోయాడని బొగ్గు మీది మట్టి తీయించే కాంట్రాక్టర్ జైపాల్ పోలీసులకు చెప్పాడు. సదయ్య భార్య సారవ్వ ఆ మాట నమ్మలేదు. రోజూ జైపాల్ కార్మికుల క్యాంపు గేటు ముందు కూర్చుని ఏడుస్తూనే ఉంది.

గోదావరిఖనిలో ఎంబీఏ ఆఖరి సెమిస్టర్ చదువుతున్న డెబోరా, ప్రాజెక్టు కోసం అదే క్యాంపులో అరవై నలుగురు కార్మికులను ప్రశ్నలడిగి ఫారాలు నింపింది. పేర్లు రాయలేదు, అంకెలే వేసింది. ముప్పై ఏడో ఫారం అడుగున ఇలా ఉంది: 'సదయ్య పారిపోలే. ఎనిమిదో బెంచి మీద ఆ ఆదివారం ఏం జరిగిందో నేను చూసిన. కొట్టింది జైపాల్.' బెంచి అంటే గనిని తవ్వుకుంటూ దిగే మెట్టు.

ఫారాల జిరాక్సులు కంపెనీ గైడుకు ఇవ్వాలన్నది కాలేజీ పద్ధతి. ఇచ్చింది. ఆ గైడు, అంటే జైపాల్ దగ్గర హెచ్ఆర్ మేనేజర్‌గా ఉన్న రుత్విక్, వాటిని తీసుకెళ్లి జైపాల్ బల్ల మీద పెట్టాడు. సర్టిఫికెట్ మీద సంతకం చేస్తామని కబురు పెడితే డెబోరా నమ్మి వచ్చింది. ఆమె స్పేర్ పార్టుల గదిలోకి అడుగు పెట్టగానే వెనక గడియ పడింది.

* * *

"కూసో బిడ్డా," అన్నాడు జైపాల్. "వైవా అంటరు గద మీరు. ఇది గదే."

మధ్యాహ్నం ఒకటిన్నర. రేకుల కింద గది నిప్పుల కొలిమిలా ఉంది. జైపాల్ స్టీలు క్యారియర్ విప్పుకుని మటన్ కూరతో అన్నం తింటున్నాడు. యాభై ఏళ్ల మనిషి, తెల్ల చొక్కా, చేతికి వెండి కడియం. అతని పక్కన రుత్విక్, ముందు ల్యాప్‌టాప్. తలుపు దగ్గర రాయమల్లు నిలబడి ఉన్నాడు. అంతకుముందు మట్టి నెట్టే డోజర్ నడిపేవాడు. పదకొండు వారాలుగా జైపాల్ బొలెరో నడుపుతున్నాడు, జైపాల్ కొట్టమన్న వాళ్లను కొడుతున్నాడు. చేతిలో మూరెడు ఇనుప పైపు.

బయట షెడ్డులో గ్రైండర్ కీచుమంటోంది. ఎవరూ దాన్ని ఆపడం లేదు.

"మొత్తం ఎన్ని సబ్జెక్టులు బిడ్డా మీకు?"

"ఇరవై దాంక ఉంటయి సార్."

"ఇరవై! అండ్ల మనుషులతోని పని చేయించుడు నేర్పేది ఏది?"

"ఆర్గనైజేషనల్ బిహేవియర్... హెచ్ఆర్..."

"నేను పది తప్పిన. ఒక్క సబ్జెక్టు సదువలే. ఆరు నూర్ల మంది నేను కూసోమంటే కూసుంటరు, లెవ్వమంటే లేస్తరు. ఎట్లనో మేడంకు చూపియ్ మల్లన్నా."

రాయమల్లు ముందుకు వచ్చాడు. పైపు గాలిలోకి లేచింది. డెబోరా కళ్లు మూసుకుంది. బల్ల మీదున్న ఆమె ఫోను మూడు ముక్కలై ఎగిరింది. ఒక గాజు పెంకు ఆమె చెంప మీద గీత గీసి పోయింది.

"సమజైందా? నా దగ్గర ఒక్కటే సబ్జెక్టు." జైపాల్ ఎముక కొరికి పక్కన పెట్టాడు. "మట్టి కార్మికుల్లో ఉద్యోగ సంతృప్తి. మంచిగున్నది పేరు. ముప్పై ఏడో వానికి నా దగ్గర సంతృప్తి లేదట. ఎవడు వాడు?"

"పేర్లు రాసుకోలే సార్. పేర్లు రాయొద్దని రీసెర్చ్ మెథడాలజీల మాకు మొదటి పాఠమే అది."

"పేరు రాయలేదు, కానీ ఈవిడకు తెలుసు సార్." రుత్విక్ ఉత్సాహంగా కలగజేసుకున్నాడు. రాజమండ్రి నుంచి వచ్చి ఏడాదిన్నర అయింది. "క్వశ్చనెయిర్ అయితే ఎవడి కాగితం వాడే నింపుతాడు. ఇది షెడ్యూల్. ఎదురుగా కూర్చుని అడిగి, చెప్పింది ఈవిడే రాసింది. చూడండి, అరవై నాలుగింటిలోనూ ఒకటే చేతిరాత. ముప్పై ఏడో వాడి మొహం చూడకుండా అది రాయడం కుదరదు."

జైపాల్ నవ్వాడు. "సూసినవా? నీ సదువే నిన్ను పట్టిచ్చింది."

ఆ నిమిషంలో డెబోరాకు తోచిన అబద్ధం ఒక్కటే. అది ఎంబీఏ చదివే ఎవరికైనా తోచేదే.

"అది దొంగ ఫారం సార్. టైం లేక సగం ఫారాలు ఇంట్ల కూసోని నేనే నింపిన. ఊర్ల అనుకునే ముచ్చట ఒకటి అండ్ల రాసిన. మా క్లాసుల అందరం గట్లనే చేస్తం."

జైపాల్ మెల్లగా రుత్విక్ వైపు తిరిగాడు. "చేస్తరా?"

"చేస్తారండీ. అంటే... నేను కూడా హాస్టల్లో... కొన్ని..." రుత్విక్ నాలుక కరుచుకున్నాడు.

"గోల్డ్ మెడల్ గిట్లనా వచ్చింది నీకు?" జైపాల్ భుజాలు కదిలేలా నవ్వాడు. నవ్వుతూనే లేచాడు. కూర అంటిన చేత్తోనే డెబోరా చెంప మీద కొట్టాడు. ఆమె కుర్చీతో సహా పక్కకు ఒరిగి ఇనుప ర్యాకుకు తగిలింది. నోట్లో ఉప్పగా రక్తం.

"ఎనిమిదో బెంచి అని గూడ ఇంట్ల కూసోనే రాసినవా? ఆనాడు ఆడ నేనున్న, సదయ్య ఉన్నడు. సూసినోడు ఇంకొకడు ఉన్నడు. వాడు ఎవడు?"

డెబోరా కుర్చీ సరిచేసుకుని కూర్చుంది. ముప్పై ఏడో మనిషి పేరు ఆమె నోటి నుంచి బయటికి వస్తే, రేపు ఆ మనిషి ఉండడు. ఆ సంగతి ఆమెకు తెలుసు. అతన్ని బతికించేది ఇప్పుడు తన మౌనం ఒక్కటే.

"ఆవిడ చెప్పనక్కర్లేదు సార్," అన్నాడు రుత్విక్, పోయిన పరువు తిరిగి తెచ్చుకునే తొందరలో. "డేటా చెబుతుంది. వయసు ముప్పై ఒకటి నుంచి నలభై లోపు. పెళ్లయింది. ఆరేళ్ల సర్వీసు. అలాంటివాళ్లు పదకొండు మంది తేలారు. పదకొండో ప్రశ్న, వారపు సెలవు ఎలా గడుపుతారు అని. మిగతావాళ్లంతా నిద్ర, పొలం పని, చర్చి, మందు. వీడు ఒక్కడే ఆటలాడతానన్నాడు. ఆ పదకొండు మందిలో ఆటగాడు ఒక్కడే ఉన్నాడు."

డెబోరా ఉలిక్కిపడింది. ఆటలాడతానని ఆమెతో ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే గుర్తుండేది.

"తీస్కరా," అన్నాడు జైపాల్.

రాయమల్లు గడియ తీసి బయటికి వెళ్లాడు. ఒక మనిషిని కాలర్ పట్టి లోపలికి ఈడ్చుకొచ్చి మళ్లీ గడియ వేశాడు. వచ్చినవాడు భూపాల్. క్వారీలో నీళ్లు తోడే పంపు దగ్గర పని. క్యాంపు వాలీబాల్ టీం కెప్టెన్. చేతులు వెనక్కి వైరుతో కట్టేసి ఉన్నాయి. ఒక కన్ను అప్పటికే వాచి మూసుకుపోయింది.

"ఏం రాపిచ్చినవ్‌రా మేడంతోని?"

"జీతం మీద సంతృప్తి లేదన్న అన్నా. గది అందరం అన్నం."

జైపాల్ గడ్డం ఎగరేశాడు. పైపు భూపాల్ తొడ మీద పడింది. రెండోది మోకాలి కింద పడింది. చెక్క విరిగినట్టు చప్పుడైంది. భూపాల్ అరుపును బయటి గ్రైండర్ మింగేసింది. అప్పుడు అర్థమైంది డెబోరాకు ఆ గ్రైండర్ ఎందుకు ఆగడం లేదో.

భూపాల్ నేల మీద పొర్లి, వగరుస్తూ, ఒంటి కంటితో పైకి చూశాడు. "గిదేం దెబ్బ మల్లన్నా," అన్నాడు. "నెట్టు దాటుతలేదు."

మూడో దెబ్బ వీపు మీద పడింది. భూపాల్ నేల మీద ముడుచుకుపోయాడు.

డెబోరా చూపు తిప్పుకుంది. తిప్పుకున్న చోటే, బల్ల మీద, జైపాల్ పళ్లేనికి ఆనుకుని ఉంది ముప్పై ఏడో ఫారం. పదకొండో ప్రశ్న పక్కన తన చేతిరాత. రెండే మాటలు.

ప్లే డే.

రుత్విక్ ఆ మాటను ఇంగ్లీషు చదువుకున్నవాడు చదివినట్టే చదివాడు. ఆటల రోజు అనుకున్నాడు. ఈ బొగ్గు బాయిల మీద పుట్టి పెరిగిన ఎవరికైనా ఆ మాటకు ఆటతో సంబంధం లేదని తెలుసు. అందరికీ సెలవైన నాడు పేరు రాసి పిలిచి చేయించే డ్యూటీయే ప్లే డే. డెబోరా తండ్రి గనిలో ముప్పై ఏళ్ల సర్వీసులో ఎన్ని ఆదివారాలు ప్లే డేకు పోయాడో లెక్కలేదు. అందుకే ఆ మనిషి చెప్పింది చెప్పినట్టు రాసేసింది. వివరించాలని కూడా తోచలేదు.

ఆ మాట అసలు అర్థం చెబితే భూపాల్ బయటపడతాడు. కానీ సదయ్య మాయమైన ఆదివారం ఎనిమిదో బెంచి మీద ప్లే డే పడింది ఇద్దరికే. ఒకరు సదయ్య. రెండోవాడు డోజర్ ఆపరేటర్.

ఆ డోజర్ ఆపరేటర్ ఇప్పుడు ఆమె ఎదురుగా పైపు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

ముప్పై ఏడు రాయమల్లే.

ఐదు వారాల కిందట టైర్ల షెడ్డు వెనక కూర్చుని, ఆ మూడు వాక్యాలు చెప్పింది అతనే. ఇప్పుడు తన మాటకు ఇంకొకడిని కొడుతున్నాడు. కొట్టకపోతే జైపాల్ కళ్లు తన వైపు తిరుగుతాయి. కొట్టిన ప్రతిసారీ అతని దవడ కండరం బిగుసుకోవడం ఆమెకు కనిపించింది.

"వీడు చెప్పడు," అన్నాడు జైపాల్, గ్లాసులో వేళ్లు ముంచుతూ. "పరేషాన్ వద్దు. రెండున్నరకు బ్లాస్టింగ్ ఉన్నది. ఐదో బెంచి మీద పండబెట్టు. సైరన్ కూసినా పోకుంటే తప్పు వానిదే. రుత్విక్, కాగితం ఎట్ల రాస్తవ్?"

"ఎంప్లాయీ నెగ్లిజెన్స్ అని సార్." రుత్విక్ ల్యాప్‌టాప్ మీంచి తలెత్తాడు. "నిజంగా... చంపుతారా సార్? నేను ఉద్యోగంలోంచి తీసేస్తారేమో అనుకున్నా."

"తీసేసుడే గదా." జైపాల్ చొక్కా అంచుకు చేయి తుడుచుకున్నాడు. "మల్లన్నా, లేపు వాన్ని."

రాయమల్లు వంగి భూపాల్ చంకల కింద చేతులు పెట్టాడు. భూపాల్ తల వెనక్కి వాలిపోయింది. వాచిన పెదవులు కదిలాయి. "నాకు ఇద్దరు ఆడపిల్లలున్నరు మల్లన్నా," అన్నాడు మెల్లగా.

డెబోరా రాయమల్లును చూసింది. రాయమల్లు ఆమెను చూశాడు. వద్దనలేదు. చెప్పమనీ అనలేదు. ఆ చూపును ఆమె ఎక్కువసేపు భరించలేకపోయింది.

"ఆయన కాదు సార్!" కుర్చీలోంచి లేచింది. "ఆటలని నేను రాయలే. మీ మేనేజర్‌కు తెల్వదు. అండ్ల ఏమున్నదో ఒక్కసారి సదివిపియ్యుండ్రి."

"ఉన్నదే చెప్పానండీ," అన్నాడు రుత్విక్ కోపంగా. ఫారం అందుకుని పైకి చదివాడు. "వారపు సెలవు ఎలా గడుపుతారు? ప్లే డే. ఇంతకంటే క్లియర్‌గా ఎలా రాస్తారు?"

జైపాల్ చేయి గాలిలోనే ఆగిపోయింది.

"ఏమన్నవ్?"

"ప్లే డే అని సార్. ఆటల..."

జైపాల్ స్టీలు క్యారియర్ ఎత్తి రుత్విక్ ముఖాన కొట్టాడు. కూర, అన్నం, రక్తం కలిసి ల్యాప్‌టాప్ మీద పడ్డాయి. "ఏడాదిన్నర సంది బాయిల మీద బతుకుతున్నవ్! ప్లే డే అంటే ఆట అనుకుంటివారా? సెలవు నాడు డ్యూటీ చేసుడురా అది! ఆ ఆదివారం ప్లే డే ఉన్నది ఇద్దరికే. సదయ్యకు, ఇంకా..."

పేరు నోటిదాకా వచ్చి ఆగింది. జైపాల్ తల తిప్పాడు.

రాయమల్లు చేతుల్లో భూపాల్ లేడు. పైపు ఉంది.

మొదటి దెబ్బ జైపాల్ కుడి మోకాలి మీద పడింది. రెండోది అదే చోట. జైపాల్ కూలిపోతూ బల్ల అంచు పట్టుకున్నాడు. ఎడమ చేత్తో ర్యాకు మీది పానా అందుకుని విసిరాడు. అది రాయమల్లు నుదుటి మీద తగిలింది. చర్మం చీలి రక్తం కళ్లలోకి కారింది. రాయమల్లు తుడుచుకోలేదు. గుడ్డిగా ఇంకొకటి వేశాడు. జైపాల్ మణికట్టు కడియంతో సహా వంగిపోయింది. అతను వెల్లకిలా బల్ల కిందికి జారిపోయాడు. రుత్విక్ ముక్కు పట్టుకుని ర్యాకుల వెనక నక్కాడు.

"ఎవలన్న రాండ్రిరా!" జైపాల్ అరిచాడు. గ్రైండర్ కీచుమంటూనే ఉంది. ఎవరూ రాలేదు.

డెబోరా భూపాల్ చేతులకున్న వైరు విప్పడానికి మోకాళ్ల మీద కూర్చుంది.

"నా ఉప్పు తిని, నా మీదనే రాపిస్తవారా?" బల్ల కింద నుంచి జైపాల్ బుసకొట్టాడు. "మట్టి డంపు పగిలిందని, కూలుతదని, పని ఆపుమని సదయ్య గాడు నీ డోజర్‌కు అడ్డం కూసున్నడు. నేను గొలుసుతోని ఒక్కటేసిన, అంతే. వాన్ని మట్టిల నూకింది నువ్వు. వీడియో ఉన్నది నా దగ్గర, నువ్వు నోరు తెరువవని నిన్ను అనుమానించలే. రేపు పోలీసులకు సూపిస్తే ఉరి నీకు పడ్తది."

"నూకిన," అన్నాడు రాయమల్లు. అంతసేపటిలో అతను నోరు విప్పడం అదే మొదలు. "నువ్వు ఫోన్ల వీడియో పట్టుకుంట నూకుమంటె నూకిన. నువ్వు జీపెక్కి పోయినంక మట్టిల కెల్లి చెయ్యి కదిలింది."

వైరు విప్పుతున్న డెబోరా వేళ్లు ఆగిపోయాయి.

"నువ్వు ఉత్త మట్టి మీద కావలి పెట్టినవ్ పటేలా. ఆడ సదయ్య లేడు. అప్పుడే తవ్వి తీసిన."

"బతికి ఉన్నడా?" డెబోరా రాయమల్లు వైపు తిరిగింది. "అన్నా, సదయ్య బతికే ఉన్నడా?"

"పానం ఉన్నది చెల్లె. నడుము పోయింది. మాట పడిపోయింది. గోలేటిల మా అక్క క్వార్టర్ల ఉన్నడు. ఇప్పుడిప్పుడే కుడిచెయ్యి లేపుతున్నడు. పెన్ను పట్టిచ్చి రాపిద్దామనుకున్న. అప్పటిదాంక ఎవలికన్న ఒకరికి తెల్వాలె, నేను సస్తే ఎట్ల అని నీకు చెప్పిన."

"మరి సారవ్వకు ఎందుకు చెప్పలే? ఆమె దినాం గేటు కాడ..."

రాయమల్లు మొదటిసారి తల దించాడు. "చెప్తే ఆమె ఏడుపు ఆగుతది చెల్లె. ఏడుపు ఆగితే వీనికి అనుమానం వస్తది. ఆమె ఏడుస్తున్నన్ని దినాలే సదయ్య బతుకుతడు."

గేటు ముందు ఎండలో కూర్చునే ఆ మనిషి డెబోరా కళ్ల ముందు మెదిలింది. తిట్టాలో, దండం పెట్టాలో తెలియలేదు.

"బొలెరో తాళం నా దగ్గరనే ఉన్నది," అన్నాడు రాయమల్లు, భూపాల్‌ను భుజం మీదికి ఎత్తుకుంటూ. "వీన్ని దవాఖానల దించి, సదయ్యను తీస్కొని కలెక్టర్ కాడికే పోదాం. జల్ది నడువ్."

అప్పుడు బల్ల కింద జైపాల్ నవ్వు వినిపించింది. తడిగా, దగ్గుతో కలిసిన నవ్వు.

డెబోరా వంగి చూసింది. జైపాల్ విరిగిన చేయి గుండెల మీద పడి ఉంది. ఎడమ చేయి మాత్రం వీపు వెనక ఉంది. దాన్ని తాపీగా ముందుకు తెచ్చాడు. అందులో ఫోను వెలుగుతోంది. పడిపోయిన క్షణంలో, చూడకుండానే, బొటనవేలు చివరగా మాట్లాడిన నంబరును నొక్కేసింది. తెర మీద తమ్ముడు సదానందం పేరు. పేరు కింద సెకన్లు పరుగెత్తుతున్నాయి. నాలుగు నిమిషాల పన్నెండు. పదమూడు. పద్నాలుగు.

"ఇన్నవారా తమ్మీ?" అన్నాడు జైపాల్.

"మొత్తం ఇన్ననే అన్నా." ఫోనులోంచి గొంతు స్పష్టంగా వచ్చింది. దాని వెనక బండి స్టార్టయిన చప్పుడు. "నేను మంచిర్యాలలనే ఉన్న. గంట గూడ పట్టది, వాళ్లకన్న ముందు నేనే చేరుత. గోలేటిల మల్లన్న వాళ్ల అక్క ఇల్లు నాకెర్కనే."